మోటర్‌హోమ్‌లో మంచినీళ్ల ట్యాంకు: తిరుపతి చుట్టుపక్కల తిరిగేవాళ్లు ఎలా నింపాలి, ఎలా చూసుకోవాలి

మోటర్‌హోమ్ కొన్నవాళ్లు, ట్రావెలర్ బండిని ఇల్లులా మార్పించుకున్నవాళ్లు కలిసినప్పుడు ముందుగా వచ్చే మాట "మీది ఎన్ని లీటర్ల ట్యాంకు?" అనే. నాకు అంతకన్నా ముఖ్యంగా అనిపించే ప్రశ్న వేరే ఉంది. నీళ్లు పట్టే పైపు ఎక్కడ పెడుతున్నారు? బండి ట్యాంకులో నీళ్లు వాసన రావడానికి, పాచి పట్టడానికి ఊరి నీళ్లను తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు కారణం కొళాయికీ ట్యాంకుకీ మధ్య వాడిన పైపు. రెండో కారణం, ఆ నీళ్లు ఎండలో కదలకుండా నిలిచిన రోజులు. ఈ రెండూ మన చేతిలో ఉన్నవే కాబట్టి శ్రద్ధ అక్కడే పెడదాం.

ముందు, ఏ నీళ్లు పడుతున్నారో తెలుసుకోండి

తిరుపతిలో చాలా ఇళ్లలో రెండు రకాల నీళ్లుంటాయి. ఒకటి మున్సిపల్ కొళాయి. కండలేరు నుంచి వచ్చే తెలుగుగంగ నీళ్లు, కల్యాణి డ్యామ్ నీళ్లు శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి వదులుతారు. రెండోది బోరు. బట్టలకూ బాత్రూముకూ వాడేది ఇదే. ట్యాంకు నింపడానికి నా మొదటి ఓటు నేరుగా వీధి లైను నుంచి వచ్చే మున్సిపల్ కొళాయికే. అందులో ఎంతో కొంత క్లోరిన్ మిగిలి ఉంటుంది, బోరు నీళ్లంత ఉప్పు ఉండదు.

అపార్ట్‌మెంట్ అయితే ఒక్క నిమిషం ఆగండి. అక్కడ మున్సిపల్ నీళ్లు సంపులో పడి, మోటరుతో పైట్యాంకుకు ఎక్కి, అప్పుడు కొళాయికి వస్తాయి. మధ్యలో బోరు నీళ్లు కూడా కలుపుతుంటారు. "అన్నా, సంపు ఎప్పుడు కడిగారు? ఇందులో బోరు కలుస్తుందా?" అని వాచ్‌మన్‌ను అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. జవాబు సరిగ్గా లేకపోతే ఆ నీళ్లను బోరు నీళ్ల కింద లెక్కేసుకోండి.

వీధి చివరి వాటర్ ప్లాంటులో ఆర్‌ఓ నీళ్లు పట్టించుకునేవాళ్లూ ఉన్నారు. ఉప్పు తక్కువ కాబట్టి గీజరుకూ షవరుకూ గార పట్టదు. కానీ ఆ నీళ్లలో క్లోరిన్ ఉండదు. క్యానులో రెండు రోజుల్లో తాగేస్తాం కాబట్టి ఇంట్లో తేడా తెలియదు. బండి ట్యాంకులో నాలుగైదు రోజులు నిలిస్తే అవే నీళ్లు మున్సిపల్ నీళ్లకన్నా త్వరగా పాడవుతాయి. ఆర్‌ఓ నీళ్లు పడితే క్లోరిన్ మీరే కలపాలి.

చిత్తూరు వైపు వేసవిలో చాలా వీధులు ట్యాంకర్ల మీదే బతుకుతాయి. ట్యాంకరు నీళ్లు ఏ బోరువో, ఆ ట్యాంకరును ఎప్పుడు కడిగారో మనకు తెలియదు. వేరే దారి లేనప్పుడు పట్టండి, కానీ వడగట్టి, క్లోరిన్ వేశాకే వాడండి. పెట్రోల్ బంకుల్లో బండ్లు కడగడానికి పెట్టిన కొళాయి సాధారణంగా బోరుదే. తాగే నీళ్ల కొళాయి వేరే ఉంటుంది. "ఇది తాగే నీళ్లా, కడిగే నీళ్లా?" అని అడగకుండా పైపు తగిలించవద్దు.

నీళ్లలో కరిగిన లవణాలను (టీడీఎస్) కొలిచే చిన్న మీటరు ఒకటి బండిలో ఉంచుకోండి. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరకని చోట 2000 వరకు ఒప్పుకున్నారు. గార పట్టించే కాఠిన్యం 200 లోపు ఉంటే మంచిది, తప్పనిసరైతే 600 వరకు. మీటరు చూపించేది నీళ్లలో కరిగిన లవణాలనే. క్రిములు ఉన్నాయో లేదో అది చెప్పదు. 80 చూపించిన నీళ్లలోనూ విరేచనాలు తెప్పించే క్రిములు ఉండవచ్చు. ఫ్లోరైడ్ ఎంత ఉందో కూడా అది విడిగా చెప్పదు, ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, క్లోరిన్‌తోనూ పోదు. అందుకే లోతైన బోరు నీళ్లు తాగడానికి వద్దు, స్నానానికీ గిన్నెలకూ చాలు.

తలకోన, కైగల్ లాంటి చోట్ల వాగు నీళ్లు అద్దంలా తేటగా కనిపిస్తాయి, పట్టేసుకుందామని మనసు లాగుతుంది. వద్దు. పైన పశువులు తిరుగుతాయి, కోతులు ఉంటాయి, జనం స్నానాలు చేస్తారు. ఆ నీళ్లు ఒకసారి ట్యాంకులోకి వెళ్తే పైపులన్నీ కడుక్కోవాల్సి వస్తుంది.

తిరుమల గురించి ఒక విన్నపం. కొండ మీద జనానికి ఆధారం గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాముల్లో నిలిచిన వాన నీరు. అది చాలనప్పుడు కింద నుంచి పంపు చేసి ఎక్కించాలి. అంత కష్టపడి వచ్చే నీళ్లను వందల లీటర్లు బండి ట్యాంకులోకి పట్టుకోవడం న్యాయం కాదు. బాటిల్ నింపుకోండి, ట్యాంకు కిందే నింపుకోండి.

ఎంత నింపాలి

లీటరు నీళ్లు కిలో బరువు. 150 లీటర్ల ట్యాంకు నిండితే ఇద్దరు పెద్ద మనుషులు అదనంగా ఎక్కినట్టే. బండికి రాసిన మొత్తం బరువు పరిమితిలో ఇది కూడా కలుస్తుంది. పైగా ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజన్ మీద, దిగేటప్పుడు బ్రేకుల మీద ఆ బరువు పడుతుంది.

అందుకని సగం నింపుదాం అనుకుంటారు. లోపల అడ్డు పలకలు లేని ట్యాంకులో సగం నీళ్లే అన్నిటికన్నా ఇబ్బంది. మలుపు తిరిగిన ప్రతిసారీ నీళ్లన్నీ ఒక పక్కకు పోటెత్తి బండిని లాగుతాయి. హార్స్‌లీ హిల్స్ లాంటి కొండ ఎక్కుతుంటే పావు ట్యాంకు లోపు ఉంచండి. పైన నీళ్లు దొరకవని భయం ఉంటే పూర్తిగా నింపి నిదానంగా వెళ్లండి. అడ్డు పలకలున్న ట్యాంకైతే సగంతో వెళ్లినా పెద్ద తేడా ఉండదు. బండి కట్టించుకునేటప్పుడే ఆ పలకలు పెట్టించమని అడగండి.

పొదుపుగా వాడితే మనిషికి రోజుకు 20 నుంచి 25 లీటర్లు సరిపోతాయి, అందులో ఒక బకెట్ స్నానం కూడా ఉంది. ఇద్దరు మూడు రోజులు తిరగడానికి 150 లీటర్లు చాలు. అంతకు మించి మోసుకెళ్లినా నీళ్లు నిలిచి పాతబడటమే తప్ప లాభం లేదు.

పైపు విషయం

మొక్కలకు నీళ్లు పట్టే ఆకుపచ్చ పైపు ఈ పనికి వద్దు. ఎండలో వేడెక్కితే ఆ ప్లాస్టిక్ వాసనంతా నీళ్లలోకి దిగుతుంది. ఫుడ్ గ్రేడ్ అని రాసి ఉన్న పైపు, పది మీటర్లది, ఒకటి కొనండి. వెలుతురు లోపలికి పోని రకం అయితే లోపల పాచి పట్టదు. ఆ పైపును ట్యాంకు నింపడానికి తప్ప దేనికీ వాడకూడదు. బండి కడగడానికి, వాడిన నీళ్ల ట్యాంకు శుభ్రం చేయడానికి, టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద మలం చేరే పెట్టె) కడగడానికి ఇంకో పైపు, వేరే రంగుది, వేరే పెట్టెలో ఉండాలి. రెండూ ఒకే డిక్కీలో ముద్దగా పడేసే బండ్లు చాలా చూశాను. అలా చేస్తే రెండు పైపులు కొన్న డబ్బు దండగే.

ఒక చిన్న అలవాటు ఉంది, చాలా మేలు చేస్తుంది. పని అయ్యాక పైపును ఎత్తి పట్టుకుని లోపలి నీళ్లన్నీ కారనివ్వండి. రెండు కొసలనూ ఒకదానికొకటి బిగించి, చుట్టి, శుభ్రమైన గుడ్డ సంచిలో పెట్టండి. కొసలు ఒకదానిలో ఒకటి ఉంటే దుమ్ము పోదు, బొద్దింక దూరదు. నింపేటప్పుడు కొస నేలకు తగిలితే ఆ కొసను క్లోరిన్ నీళ్లతో తుడిచాకే ట్యాంకు మూతిలో పెట్టండి.

నింపే వరుస

కొళాయి తిప్పి ఒక బకెట్ నీళ్లు ముందు వదిలేయండి. తర్వాత తెల్లటి గిన్నెలో లేదా గాజు గ్లాసులో పట్టి చూడండి. రంగు, మడ్డి, వాసన ఉంటే అక్కడ పట్టొద్దు. టీడీఎస్ చూడండి. కొళాయి మూతినీ ట్యాంకు మూతినీ క్లోరిన్ నీళ్లలో ముంచిన గుడ్డతో తుడవండి. పైపు కొళాయికి బిగించి, ఒక నిమిషం నీళ్లు పైపులోంచి బయటికే పోనివ్వండి, లోపల నిలిచినవి పోతాయి. అప్పుడు కొసను ట్యాంకు మూతిలో పెట్టండి.

పైపును మూతికి గాలి ఆడకుండా బిగించవద్దు. మోటరు ఒత్తిడితో నీళ్లు దూకుతుంటే, గాలి పోయే సన్నపైపు చాలక ట్యాంకు ఉబ్బుతుంది, అతుకుల దగ్గర చీలుతుంది. చుట్టూ కాస్త ఖాళీ ఉంచి, కొళాయి సగమే తిప్పి నిదానంగా నింపండి. నీళ్లు వెనక్కి తన్నుతున్నాయంటే గాలి పైపులో ఏదో అడ్డం ఉంది, కందిరీగ గూడు కట్టినా కట్టి ఉంటుంది. చివర్లో మూత బిగించి తాళం వేయండి. కొండల దగ్గర ఆగితే కోతులు తెరిచి చూడని మూత ఉండదు.

మడ్డిని ఆపే 5 మైక్రాన్ల ఫిల్టరును నింపే పైపుకే తగిలించవచ్చు. కార్బన్ ఫిల్టరు మాత్రం అక్కడ పెట్టకండి. కార్బన్ క్లోరిన్‌ను పీల్చేస్తుంది, అప్పుడు ట్యాంకులోకి కాపలా లేని నీళ్లు వెళ్తాయి. దాని చోటు వంటింటి కొళాయి కింద, అంటే నీళ్లు గ్లాసులోకి వచ్చే ముందు. చాలామంది బండి కట్టేవాళ్లు రెండూ కలిపి నింపే వైపే బిగిస్తున్నారు, మీ బండిలో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.

రోజువారీ క్లోరిన్

బోరు, ఆర్‌ఓ, ట్యాంకరు నీళ్లకు ఇది తప్పనిసరి. వాసన, రంగు, సబ్బు ఏవీ కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (ద్రవంగా దొరికే బ్లీచ్) తీసుకోండి. 100 లీటర్లకు 2 మిల్లీలీటర్లు. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ అవుతుంది. సూది తీసేసిన సిరంజితో కొలిస్తే కచ్చితంగా వస్తుంది. ట్యాంకు సగం నిండినప్పుడే, చెంబు నీళ్లలో కలిపి పోస్తే మిగతా నీళ్లతో బాగా కలుస్తుంది. అరగంట ఆగి వాడండి.

సరిపోయిందా లేదా అని ముక్కుతో తేల్చలేం. పంచాయతీ వాళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకుల దగ్గర వాడే క్లోరోస్కోప్ లాంటి చిన్న కిట్ కొనుక్కోండి. చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి, పక్కన ఉన్న రంగులతో పోల్చుకోవాలి. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉండాలి. ఏమీ రంగు రాకపోతే ఇంకో మిల్లీలీటరు వేసి అరగంట తర్వాత మళ్లీ చూడండి. హైపోక్లోరైట్ ఎండకు బలం కోల్పోతుంది. నెలల తరబడి బండిలో ఉడికిన సీసాను నమ్మొద్దు, చిన్న సీసాలే కొనండి.

తాగడానికి విడిగా 20 లీటర్ల క్యాను పెట్టుకునేవాళ్లే ఎక్కువ. మంచిదే. అయినా పళ్లు తోముకునేది, కూరగాయలు కడిగేది, పిల్లలు మధ్యరాత్రి లేచి పట్టుకుని తాగేసేది ట్యాంకు కొళాయి నీళ్లే. కాబట్టి ట్యాంకును ఎప్పుడూ తాగే నీళ్ల స్థాయిలోనే ఉంచండి.

మూడు నెలలకోసారి పూర్తిగా కడగడం

బండి చాలాకాలం ఆగిపోయినా, నీళ్లు వాసన వచ్చినా, అనుమానం ఉన్న చోట నింపినా మూడు నెలలు ఆగక్కర్లేదు, వెంటనే చేయండి. ముందు గీజరు స్విచ్ ఆపి, చల్లారనివ్వండి. ఫిల్టర్ల లోపలి గొట్టాలు తీసేయండి. కింది వాల్వు తెరిచి ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, ఒకసారి మామూలు నీళ్లతో కడిగి వదిలేయండి. లోపలికి చెయ్యి పట్టే మూత ఉంటే మెత్తటి బ్రష్‌తో గోడలు రుద్దండి. చేతికి జారుడుగా తగిలే ఆ పొర ఉన్నంతసేపు ఎంత క్లోరిన్ పోసినా కింద క్రిములు బతికే ఉంటాయి.

తర్వాత 100 లీటర్ల ట్యాంకుకు 5 శాతం హైపోక్లోరైట్ 100 మిల్లీలీటర్ల లెక్కన కలిపి నిండుగా నింపండి. బ్లీచింగ్ పౌడరు మాత్రమే దొరికితే, 100 లీటర్లకు తాజాది సుమారు 15 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి, మడ్డి అడుగుకు చేరాక పైతేట మాత్రమే పోయండి. ఆ మడ్డి పంపులోకి వెళ్తే జల్లెడ మూసుకుపోతుంది. ఇప్పుడు పంపు వేసి ఒక్కో కొళాయి, వేడి నీళ్ల వైపు కూడా, షవరు, టాయిలెట్ ఫ్లష్, అన్నీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తెరిచి మూయండి. తగ్గినంత మళ్లీ నింపి నాలుగు గంటలు వదిలేయండి. మధ్యలో బండిని ఒక రౌండు తిప్పితే ట్యాంకు పైకప్పు కూడా తడుస్తుంది. స్టీలు ట్యాంకైతే నాలుగు గంటలు దాటనివ్వకండి, అంత క్లోరిన్ స్టీలును తినేస్తుంది.

ఆ నీళ్లను చెరువులోకి, వాగులోకి, పొలంలోకి వదలొద్దు, చేపలు చస్తాయి. భూగర్భ డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి పోనివ్వండి. తర్వాత రెండు మూడుసార్లు నింపి, అన్ని కొళాయిల్లోంచి వదిలి, వాసన పోయాక ఫిల్టర్లు తిరిగి పెట్టండి. నింపే పైపును కూడా ఇదే నీళ్లతో నింపి నాలుగు గంటలు ఉంచితే అదీ శుభ్రమవుతుంది.

గార పడితే

మన జిల్లా బోరు నీళ్లకు ఇది తప్పదు. షవరు రంధ్రాలు మూసుకుపోతాయి, గీజరు వేడెక్కడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది, ట్యాంకులో మట్టం చూపించే కడ్డీల మీద తెల్లపొర పట్టి ఖాళీ ట్యాంకును కూడా నిండుగా చూపిస్తుంది. నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో, లీటరుకు రెండు చెంచాలు, కలిపి షవరు తలనూ కడ్డీలనూ నానబెట్టండి, గంటలో ఊడిపోతుంది. గీజరు లోపల పోసే ముందు దాని కంపెనీ పుస్తకం చూడండి.

ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి: నిమ్మ ఉప్పు, వెనిగర్, యాసిడ్, వీటిలో ఏదీ క్లోరిన్‌తో కలవకూడదు. కలిస్తే విషవాయువు వస్తుంది, బండి లాంటి ఇరుకు చోటులో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఒక రోజు క్లోరిన్, పూర్తిగా కడిగాక ఇంకో రోజు నిమ్మ ఉప్పు.

పంపు

బండి నడుస్తున్నప్పుడు పంపు స్విచ్ ఆపేయండి. గతుకులకు ఒక క్లాంపు ఊడితే ట్యాంకు మొత్తం మంచాల కిందికి వస్తుంది. కొళాయిలన్నీ మూసి ఉన్నా పంపు అప్పుడప్పుడు గుర్రుమంటే ఎక్కడో కారుతోంది. కొళాయి ఉమ్మినట్టు నీళ్లు వదిలితే పంపుకు ముందున్న అతుకులోంచి గాలి లోపలికి వస్తోంది. ఖాళీ ట్యాంకు మీద పంపు తిరగనివ్వకండి. దాని ముందున్న జల్లెడ నెలకోసారి విప్పి కడగండి.

ఎండాకాలం, వానాకాలం

ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బండి కింద ట్యాంకులో నీళ్లు స్నానానికి కాచినంత వేడిగా ఉంటాయి. ఆ గోరువెచ్చదనమే క్రిములకు ఇష్టం, క్లోరిన్ కూడా త్వరగా ఎగిరిపోతుంది. ఆ రెండు నెలలూ మూడు రోజులకు మించి అవే నీళ్లు ఉంచొద్దు. పాత నీళ్ల మీద కొత్తవి కలపకుండా, మిగిలినవి చెట్లకు పోసి ఖాళీ చేశాకే నింపండి.

మనకు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి ఎలా మునిగిందో చూశాం. అలాంటి వాన పడ్డాక కొన్ని రోజులు కొళాయి నీళ్లు మబ్బుగా వస్తాయి, పగిలిన లైన్లలోకి మురుగు చేరుతుంది. మబ్బు నీళ్లలో క్లోరిన్ మట్టి మీదే ఖర్చయిపోతుంది. అలాంటప్పుడు డ్రమ్ములో పట్టి పటిక తిప్పి, తేరాక పైనీళ్లు ట్యాంకుకు ఎక్కించి క్లోరిన్ వేయండి. పల్లెల్లో పెద్దవాళ్లు ఇదే పనికి చిల్లగింజను అరగదీసి కలిపేవాళ్లు, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఈ తేర్చే పని మాత్రం ట్యాంకు లోపల చేయకూడదు.

బండిని నిలిపి ఉంచేటప్పుడు

వారం కన్నా ఎక్కువ కదలదంటే ట్యాంకు, గీజరు, పైపులు అన్నీ ఖాళీ చేసి, కొళాయిలు తెరిచి ఉంచండి. అడుగున నాలుగు చెంబుల నీళ్లు మిగిలినా డెంగీ దోమ గుడ్లు పెట్టడానికి చాలు. శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లు పారబోసే రోజు అని ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి చెప్పేది బండికీ వర్తిస్తుంది. గాలి పైపు కొసకు సన్నటి స్టీలు జాలీ కట్టండి, లోపల ఆరడానికి మూత తెరిచి పెడితే దానికీ దోమతెర గుడ్డ బిగించండి.

మళ్లీ ప్రయాణం పెట్టుకున్నప్పుడు ముందు రోజు మధ్యాహ్నమే క్లోరిన్ కడుగుడు మొదలుపెట్టండి. చీకటి పడేలోపు ఖాళీ చేసి కడిగేయడం అయిపోతుంది, పొద్దున మీ వీధికి నీళ్లు వదిలే టైముకు పైపు తగిలించుకోవచ్చు. గీజరు మాత్రం వేడి కొళాయిలోంచి నీళ్లు తెగకుండా ధారగా వచ్చాకే వేయండి, నీళ్లు లేకుండా వేస్తే ఎలిమెంట్ కాలిపోతుంది.